వీధి చివరి బడిలో పై తరగతి లెక్కలు

పోయిన మార్చి నెలంతా మా ఇంట్లో ఒకటే చర్చ. మా అమ్మాయి ఏడో తరగతి పూర్తి చేస్తోంది, ఎనిమిదికి ఎక్కడ చేర్చాలి అని. అది చదివేది మెట్టుగూడలోనే, మా ఇంటి నుంచి నడిచి వెళ్ళే సర్కారు హైస్కూల్లో. పొద్దున నేను దోసె వేసి ప్లేట్లో పెట్టే సమయానికి మొదటి గంట వినపడుతుంది, రెండో గంటకి అది గేటు దగ్గర ఉంటుంది. అంత దగ్గర.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. నా నంబరు ఎవరిచ్చారో తెలీదు. "మేడమ్, లెక్కల్లో చురుకైన పిల్లలకి స్పెషల్ బ్యాచ్ ఉంది, ఐఐటీ ఫౌండేషన్" అని ఒక అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. మా పాప ఇంకా ఏడేనమ్మా అన్నాను. "ఆరు నుంచే మొదలవుతుంది మేడమ్, మీరు ఇప్పటికే రెండేళ్ళు లేటు" అంది. పన్నెండేళ్ళ పిల్లకి రెండేళ్ళు లేటు! బస్సు ఆలుగడ్డబావి దగ్గర పొద్దున ఆరూ నలభైకి ఎక్కించాలట, సాయంత్రం ఆరు దాటాక దింపుతారట.

మావారికి ఆ మాట నాటుకుంది. ఆయనది చిన్న జిరాక్స్, స్టేషనరీ దుకాణం. రోజూ ఆ స్కూళ్ళ మెటీరియల్ జిరాక్స్ తీస్తారు కదా, ఆ కాగితాలు చూసి ఈయనకి బెంగ. "మన బడిలో పోటీ లేదు. ఫస్ట్ వస్తోందంటే ఎవరి మధ్య ఫస్ట్ వస్తోంది?" అన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఫీజు సంగతి కూడా ఉంది, అది లేదని ఇక్కడ గొప్పలు పోను. కానీ నన్ను పట్టుకున్నది వేరే విషయం. మన దగ్గర ఒక పిల్ల చురుగ్గా ఉందంటే వెంటనే "ఎక్కడికి పంపుదాం" అంటాం. "ఇక్కడే ఇంకాస్త ఏం చెబుదాం" అని ఎవరూ అనరు. ఈ అలవాటు మనకి ఎప్పటి నుంచి? నాకు తెలిసినవీ, చదివినవీ, మా ఇంట్లో జరిగినవీ కలిపి చూస్తే అదో చిన్న చరిత్రలా కనిపించింది. అందుకే రాస్తున్నాను.

మా నానమ్మ నోట "మిడిల్ ప్యాసు" అనే మాట తరచుగా వినేదాన్ని. నిజాం కాలంలో బడులకి ఉర్దూ పేర్లు. చిన్నబడి తహతానియా, నడిమి బడి వస్తానియా, హైస్కూలు ఫౌఖానియా. ఆ నడిమి మెట్టు ఎక్కిన మనిషికి ఊళ్ళో గౌరవం వేరు. ఇప్పుడు మనం ఆరు, ఏడు, ఎనిమిది అంటే ఏముందిలే, పదో తరగతి చూసుకుందాం అనుకుంటాం కానీ, ఆ రోజుల్లో చాలామందికి అదే చివరి మెట్టు. ఆడపిల్లలకైతే అక్కడిదాకా రావడమే గగనం.

అందులోనూ భాష గొడవ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో పుట్టింది. రాజ్యంలో జనం భాషలు తెలుగు, మరాఠీ, కన్నడం, పై చదువేమో ఉర్దూలో. సికింద్రాబాదు కంటోన్మెంటు కాబట్టి తెల్లవాళ్ళ పాలనలో ఇంగ్లీషు బడులు ముందే వచ్చాయి. మహబూబ్ కాలేజీ 1862 నాటిది, సెయింట్ ఆన్స్ 1871 నాటిది. మా లాలాగూడ వైపు రైల్వే వర్క్‌షాపు 1893లో వచ్చింది, దాని వెనక క్వార్టర్లు, వాటి వెనక మా బతుకులు. అయినా తెలుగింటి ఆడపిల్లకి తన భాషలో, హైస్కూలు దాకా చదువు కావాలంటే నగరంలో చోటు లేదు.

ఆ చోటు 1928లో వచ్చింది. మాడపాటి హనుమంతరావుగారు, తర్వాత 1951లో హైదరాబాదుకి మొదటి మేయరు అయిన ఆయనే, మరికొందరితో కలిసి ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టారు. ఇప్పుడు నారాయణగూడలో మాడపాటి పేరుతో ఉన్న బడి అదే. చిన్న బడిగా మొదలై పై తరగతులు పెరుగుతూ వచ్చాయి. మెట్రిక్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు. తెలుగులో చదివిన పిల్లల పరీక్షని ఉస్మానియా గుర్తించదు. అప్పుడు వాళ్ళేం చేశారో చూడండి. పుణెలో కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, 1916లో పెట్టినది, అమ్మభాషలో చదువు చెప్పాలన్నది వాళ్ళ పద్ధతి. దానికి అనుబంధం తెచ్చుకున్నారు. పిల్లలు నారాయణగూడలో ఉన్నారు, సర్టిఫికెట్టు పుణె నుంచి వచ్చింది.

నాకు ఈ ముక్క ఎంత నచ్చిందో చెప్పలేను. దూరం ప్రయాణం చేసింది కాగితం, పిల్లలు కాదు. ఆడపిల్లల్ని పుణె పంపి చదివించండి అని చెప్పి ఉంటే ఎన్ని ఇళ్ళ నుంచి పంపేవారు? చేతి వేళ్ళు సరిపోయేవి లెక్కకి. చదువునే ఇక్కడికి రప్పించారు కాబట్టి వంట చేసి, తమ్ముడిని ఎత్తుకుని, మళ్ళీ పుస్తకం పట్టుకున్న పిల్లలు కూడా మెట్రిక్ రాయగలిగారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఇదే ప్రశ్న దేశం మొత్తానికి ఎదురైంది. 1964లో వేసిన కొఠారీ కమిషన్ 1966లో నివేదిక ఇచ్చింది. అందులో ఒక మాట ఉంది, ఇరుగుపొరుగు బడి. ఏ వాడ పిల్లలంతా ఆ వాడ బడికే వెళ్ళాలి, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చోవాలి, అప్పుడే ఉన్నవాళ్ళకి కూడా ఆ బడి బాగుండాలన్న పట్టుదల వస్తుంది అని. ఎంత ఇంటి తెలివి! మన గిన్నెలో మనమూ తింటేనే కదా ఉప్పు సరిచూసేది. 1968లో వచ్చిన మొదటి జాతీయ విద్యావిధానం ఈ ఉమ్మడి బడి మాటని ఒప్పుకుంది. అదే కాగితంలో, దాని పక్కనే ఇంకో మాట కూడా పెట్టింది. ప్రతిభ ఉన్న పిల్లల్ని చిన్న వయసులోనే గుర్తించి, పైకి తేవాలి అని.

రెండు మాటలకీ పోట్లాట ఏమీ లేదు. వాడ బడిలోనే ప్రతిభని గుర్తించి, వాడ బడిలోనే పైకి తేవచ్చు. కానీ జరిగింది అది కాదు. మొదటిది చెయ్యాలంటే లక్షల బడులు బాగు చెయ్యాలి. రెండోది చెయ్యాలంటే ఒక పరీక్ష పెట్టి, ఒక మంచి బడి కట్టి, పిల్లల్ని ఏరి అక్కడికి తెచ్చుకుంటే చాలు. ఏది ముందు జరుగుతుందో ఇల్లు నడిపే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది.

అట్లా ఏరి తెచ్చిన బడుల్లో మనకి పెద్దన్న లాంటిది సర్వేలు. 1971 నవంబరు 23న నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. అప్పుడు ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావుగారు. పల్లెటూళ్ళలో తెలివైన పేద పిల్లలకి పరీక్ష పెట్టి, తిండీ బట్టా ఇచ్చి, ఇరవై నాలుగ్గంటలూ గురువుల దగ్గర ఉంచి చదివించడం. ఆంధ్రలో తాడికొండ, రాయలసీమలో కొడిగెనహళ్ళి తర్వాత వచ్చాయి. ఆ బడుల నుంచి కలెక్టర్లు, పోలీసు అధికారులు, డాక్టర్లు ఎంతమంది వచ్చారో తెలుగువాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు పేపర్లో ఆ పేర్లు చూసి పెరిగిన తరం మాది.

మా పెద్దమ్మ కొడుకు, నేను అన్న అని పిలిచేవాణ్ణి, ఆ పరీక్ష రాసి సర్వేలులో చేరాడు. పెద్దమ్మ వాళ్ళది చౌటుప్పల్ దగ్గర పల్లె. అన్న వెళ్ళిన రోజు ఊరంతా సంబరం. ఇనప పెట్టె, స్టీలు ప్లేటు, గ్లాసు, దుప్పటి. పెద్దమ్మ ఏడ్చింది, నవ్వింది. అన్న బాగా చదివాడు, ఇంజనీరయ్యాడు, ఇప్పటికీ ఆ బడి పేరెత్తితే లేచి నిలబడి మాట్లాడతాడు. అట్లాంటి బడి లేకపోతే అన్న బర్రెల వెంట ఉండేవాడు. ఇందులో నాకేం సందేహం లేదు.

అయితే అన్న కంటే ఏడాది పెద్దది, మా అక్క. అన్నకి లెక్కలు నేర్పింది అక్కే. కిరాణా కొట్టు చీటీలో మొత్తం తప్పుంటే నిలబడి చూసి చెప్పేది, కాగితం మీద వెయ్యకుండానే. అన్న పరీక్షకి తయారవుతుంటే పక్కన కూర్చుని తనూ అవే లెక్కలు చేసింది. సర్వేలు మగపిల్లల బడి. ఆడపిల్లల గురుకులాలు ఉన్నాయి కానీ, పెద్దమ్మ ఆ ఊసే ఎత్తనివ్వలేదు. "ఆడపిల్లను హాస్టల్ల ఎట్ల ఏస్తం? రేపు ఏదన్న అయితే ఎవల్ది పూచి?" అని. ఊళ్ళో బడి ఏడో తరగతితో ఆఖరు. హైస్కూలు అయిదు కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్ళో. అక్క చదువు అక్కడ ఆగింది.

ఇక్కడ పెద్దమ్మని తప్పుపట్టడం తేలిక. నేను చాలా ఏళ్ళు తప్పుపట్టాను కూడా. ఇప్పుడు నాకూ ఒక ఆడపిల్ల ఉంది, పొద్దున ఆరూ నలభై చీకట్లో బస్సు ఎక్కించాలంటే నా గుండె కూడా కొట్టుకుంది. ఊళ్ళో బడిలోనే ఎనిమిది, తొమ్మిది ఉండి ఉంటే పెద్దమ్మ అక్కని మానిపించేది కాదు. ఆవిడ భయం దూరానికి, చదువుకి కాదు.

అన్నని ఊరి నుంచి తీసుకెళ్ళిపోయాక ఆ ఊరి బడికి ఏమైంది అన్నది కూడా ఎవరూ అడగని ప్రశ్న. ప్రశ్నలు వేసే పిల్లవాడు వెళ్ళిపోయాడు. ఆ పిల్లవాడి కోసం బడికొచ్చి మాస్టారిని నిలదీసే పెద్దనాన్న కూడా ఇక బడి గడప తొక్కలేదు. తరగతిలో మిగిలిన పాతికమందికి ఏం పోయిందో ఏ రికార్డులోనూ ఉండదు.

తర్వాత 1986 విద్యావిధానం వచ్చింది. పి.వి.గారే అప్పటికి కేంద్రంలో మానవ వనరుల మంత్రి. జిల్లాకొక నవోదయ అన్నారు. ఆరో తరగతిలో చేరడానికి పరీక్ష, ఒక్కో బడికి 80 సీట్లు, అందులో కనీసం నాలుగింట మూడు వంతులు పల్లె పిల్లలకి, మూడో వంతు ఆడపిల్లలకి. ఆ మూడో వంతు చిన్న సంగతి కాదు. సర్వేలుకి, దీనికి మధ్య పదిహేనేళ్ళలో దేశం ఆడపిల్లని గుర్తుపెట్టుకుంది. కానీ పద్ధతి మాత్రం అదే, పిల్లని ఎత్తుకెళ్ళి ఇంకోచోట నాటడం.

ఇంతకీ నా సంగతి. మా నాన్న లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టర్. మేము మెట్టుగూడలో అద్దెకి ఉండేవాళ్ళం. నగరం పిల్లలం కాబట్టి గురుకులం మాటే లేదు. 1988లో నేను ఏడో తరగతి. అప్పట్లో ఏడుకి కామన్ పరీక్ష ఉండేది, ఇప్పటి పిల్లలకి తెలీదు. ఆ పరీక్షంటే ఇంట్లో పదో తరగతంత హడావిడి. మా సర్కారు బడిలో లెక్కల టీచరమ్మ ఒకావిడ ఉండేది. సన్నగా, ఎప్పుడూ జరీ లేని నేత చీర, భుజానికి ఒక గుడ్డ సంచీ.

ఒకరోజు ఆవిడ సాయంత్రం గంట కొట్టాక "ఇంకాస్త లెక్కలు చేద్దామనుకునేవాళ్ళు ఉండండి" అంది. మార్కుల్ని బట్టి పిలవలేదు. పేర్లు చదవలేదు. ఉండాలనుకున్నవాళ్ళు ఉండండి అంది, అంతే. మొదటి రోజు పదిహేనుమంది, వారం తిరిగేసరికి ఆరుగురం. వారానికి నాలుగు రోజులు, వరండాలో.

సంచీలోంచి చింతగింజలు తీసి నేల మీద పోసేది. ఒక గింజ పెట్టమంది. దాని చుట్టూ మూల తిరిగేట్టు మూడు పెట్టమంది. రెండు బై రెండు చతురస్రం వచ్చింది. దాని చుట్టూ అయిదు. మూడు బై మూడు. దాని చుట్టూ ఏడు. ఒకటి, మూడు, అయిదు, ఏడు అంటూ బేసి సంఖ్యలు కూడుకుంటూ పోతే ఎప్పుడూ చతురస్రమే వస్తుంది. "ఎప్పుడూ వస్తుందా, ఎక్కడన్నా ఆగుతుందా?" అని అడిగి ఇంటికి పంపేసింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు అంటే అబద్ధం, తిన్నాను కానీ ఏం తిన్నానో గుర్తులేదు. ఎప్పుడూ ఎందుకు వస్తుందో మూడో రోజు మాలో ఒకమ్మాయి చెప్పింది. ఒక పక్క పెరిగినన్ని, ఇంకో పక్క పెరిగినన్ని, మూలన ఒకటి, అందుకే కలిపేది ఎప్పుడూ బేసి సంఖ్యే. టీచరమ్మ చప్పట్లు కొట్టలేదు. "ఇప్పుడు అదే మాట అక్షరాలతో రాయండి" అంది. అట్లా మాకు ఆల్జీబ్రా వచ్చింది, ఎనిమిదో తరగతి పుస్తకం తెరవకముందే.

ఇదంతా సాఫీగా జరగలేదు. తాళాలు వేసే అటెండరు సణిగేవాడు. మా ఇంట్లో అమ్మ "పొద్దుగూకినంక ఇంటికొస్తే మీ నాయిన నన్నంటడు" అనేది. కానీ రోజూ పంపింది, ఎందుకంటే మా వాకిట్లో నిలబడితే బడి గోడ కనిపిస్తుంది. టీచరమ్మకి ఈ పనికి ఒక్క రూపాయి ఎక్కువ రాలేదు. పైగా సిలబస్ కానిది చెబుతోందని ఎవరో పైకి రాశారని విన్నాం.

మరుసటి ఏడాది ఆవిడకి బదిలీ అయింది. క్లాసు ఆగిపోయింది. కొత్తగా వచ్చిన సారు మంచివాడే, కానీ గంట కొట్టగానే సైకిలెక్కేవాడు. ఆయన్ని తప్పుపట్టను, అది ఆయన డ్యూటీలో లేదు. వాడ బడిలో పై చదువు చరిత్ర మన దగ్గర ఎందుకు రాసి లేదో ఇక్కడే తెలుస్తుంది. సర్వేలుకి తేదీ ఉంది, శిలాఫలకం ఉంది. మా వరండాకి ఏమీ లేదు. ఒక మనిషి ఉన్నన్నాళ్ళు ఉంది, ఆ మనిషితో పోయింది. ఇట్లాంటి వరండాలు ఎన్ని బడుల్లో ఉండేవో, ఇది చదువుతున్న మీలో కొందరికి గుర్తొస్తూనే ఉంటాయి.

ఆ ఆరుగురిలో ఒకామె జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరు. ఒకామె బ్యాంకులో ఉంది. ముగ్గురి జాడ తెలీదు. ఆరోదాన్ని నేను, వంటింట్లో ఉన్నాను. మా అమ్మాయికి ఇప్పటిదాకా ట్యూషన్ పెట్టలేదు, లెక్కలు నేనే చెబుతాను. ఆ వరండా నాకిచ్చిన ఉద్యోగం ఇదే.

తొంభైలలో గాలి మారింది. నల్లకుంటలో చుక్కా రామయ్యగారి దగ్గర ఐఐటీ కోచింగుకి సీటు రావాలంటే దానికే ఒక పరీక్ష, ఆ పరీక్షకి మళ్ళీ కోచింగు అని జనం నవ్వుకునేవాళ్ళు. ఆయన మంచి గురువు, ఆయన్ని అనడం లేదు. కానీ ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఇంటర్ నుంచి పదికి, పది నుంచి ఎనిమిదికి, ఎనిమిది నుంచి ఆరుకి దిగారు. మా నానమ్మ కాలపు నడిమి బడి మళ్ళీ ముఖ్యమైపోయింది, ఈసారి ఫీజుతో.

2008లో రెండు పనులు జరిగాయి. రెండూ చిన్నగా కనిపిస్తాయి. ఒకటి, బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు. పదో తరగతి మార్కుల మీదే సీటు. అందులో, హాస్టల్ లేని సర్కారు బడిలో చదివిన పిల్లలకి గ్రేడుకి 0.4 కలిపేవారు. వెనకబాటు పాయింట్లు అన్నమాట. ఆ పాయింట్ల వల్ల ఎందరో పల్లె పిల్లలకి సీటొచ్చింది, సంతోషం. కానీ ఆలోచిస్తే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. వాడ బడిలో చదవడమే ఒక నష్టమని సర్కారు తన లెక్కలో తనే రాసుకుంది, ఆ నష్టానికి ధర కూడా కట్టింది.

రెండోది, నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ఎన్.ఎం.ఎం.ఎస్. అంటారు. మనలో చాలామందికి దీని పేరు కూడా తెలీదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఎనిమిదో తరగతి పిల్లలు రాస్తారు. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. కేంద్రీయ విద్యాలయం, నవోదయ, ప్రైవేటు, హాస్టల్ ఉండే సర్కారు బడుల పిల్లలకి లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. రెండు పేపర్లు, ఒక్కోటి 90 ప్రశ్నలు, తొంభై నిమిషాలు. ఒకటి బుర్రకి పదును పెట్టేది, శ్రేణులు, బొమ్మలు, తర్కం. రెండోది ఏడు, ఎనిమిది తరగతుల సబ్జెక్టులు. గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. నాలుగేళ్ళకి 48,000. దేశం మొత్తానికి ఏటా లక్షమందికి.

దీని ఉద్దేశం ఎనిమిది తర్వాత పిల్లలు బడి మానకుండా చూడటం. కానీ దీంట్లో ఇంకో మెలిక ఉంది, అదే నాకు నచ్చింది. పిల్ల వాడ బడిలో ఉంటేనే ఇది వస్తుంది. బస్సెక్కి ప్రైవేటుకి పోతే పోయినట్టే. నేను చూసినంతలో, తెలివైన పిల్లకి "ఇక్కడే ఉండు, ఇక్కడే చదువు" అని చెప్పి డబ్బిచ్చింది ఇదొక్కటే. 2020 జాతీయ విద్యావిధానంలో కూడా చురుకైన పిల్లల కోసం బడుల్లోనే సబ్జెక్టు క్లబ్బులు పెట్టాలని రాశారు. రాయడం రాశారు.

ఇది మన గొడవ మాత్రమే అనుకున్నాను. మా ఆడపడుచు వర్జీనియాలో ఉంటుంది, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో. ఫోన్లో ఈ మాటలు చెబితే, "వదినా, మా దగ్గరా ఇదే లొల్లి" అంది. అక్కడ చురుకైన పిల్లలకి అడ్వాన్స్‌డ్ అకడమిక్ ప్రోగ్రామ్ అని ఉంటుందట. ఎంపికైన పిల్లలు తమ వాడ బడి వదిలి, సెంటర్ అనే ఇంకో బడికి బస్సులో వెళ్ళొచ్చు. లేదూ, తమ బడిలోనే అది పెడితే అక్కడే ఉండొచ్చు. మన తెలుగువాళ్ళు చాలామంది సెంటరే కావాలంటారట. తను మాత్రం మిడిల్ స్కూలుకి వచ్చేసరికి పిల్లని పక్క వీధి స్నేహితుల దగ్గరే ఉంచింది. "ఇంటికి నడిచి వస్తుంది వదినా, మధ్యాహ్నం మూడుకి ఇంట్లో ఉంటుంది, నాకు అదే అడ్వాన్స్" అని నవ్వింది.

ఇక మా అమ్మాయి బడి సంగతి. అక్కడ ఎన్.ఎం.ఎం.ఎస్. క్లాసు ఉంది. కానీ ఎనిమిదిలో దసరా సెలవుల తర్వాత మొదలై పరీక్షతో ఆఖరు. లెక్కల టీచరు, సైన్సు టీచరు ఇద్దరూ సాయంత్రాలు గంట ఎక్కువ కూర్చుని చెబుతారు. ఏప్రిల్‌లో తల్లిదండ్రుల మీటింగుకి వెళ్ళి నేను నోరు తెరిచాను, కాళ్ళు వణుకుతూనే. ఇదే క్లాసు ఆరు నుంచి పెట్టండి, వారానికి రెండు రోజులైనా చాలు అన్నాను. హెడ్‌మాస్టరుగారు టీచర్ల కొరత గురించి చెప్పారు, అది నిజమే. అప్పుడు ఒక తండ్రి, ఆటో నడుపుతాడు, లేచి అడిగాడు. "ఫస్టొచ్చేటోల్లకే పెడ్తరా? మా పిల్ల ఫస్ట్ రాదు. ఆమె బయట నిలబడి చూడాల్నా?"

ఆ ప్రశ్న నా దగ్గర లేదు. నిజం చెప్పాలంటే నేను మా అమ్మాయి కోసమే అడిగాను. మా కాలంలో ఎ సెక్షన్, బి సెక్షన్ ఉండేవి కదా, బి సెక్షన్ పిల్లలు ప్రార్థనలో కూడా వెనక నిలబడేవాళ్ళు. వాడ బడిలో పై చదువు అంటూ మళ్ళీ ఒక గోడ కట్టి, గోడకి ఇటువైపు మా పిల్లని కూర్చోబెట్టుకుంటే, ఆ బస్సుకీ దీనికీ తేడా టికెట్టు మాత్రమే. అప్పుడు మా టీచరమ్మ మాట గుర్తొచ్చింది. ఉండాలనుకున్నవాళ్ళు ఉండండి. అదే చెప్పాను. పరీక్ష వద్దు, పేర్ల లిస్టు వద్దు, తలుపు తెరిచి పెట్టండి అని. లెక్కల టీచరు నా వైపు చూసి "శనివారాలు మీరొస్తారా?" అంది.

ఇంటికొచ్చి మావారికి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "టీచరు బదిలీ అయితే?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. 1989లోనూ లేదు. ఆ రాత్రి చౌటుప్పల్ అక్కకి ఫోన్ చేశాను. అక్కకి ఇప్పుడు మనవరాలు కూడా ఉంది. అంతా విని "బడి ఇంటిదగ్గర్నే గద?" అని అడిగింది. అవునన్నాను. "మరింకేంది" అంది.

జూన్ నుంచి శనివారాలు వెళ్తున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక, గంటన్నర. పదకొండుమంది వచ్చారు మొదట, ఇప్పుడు ఏడుగురు స్థిరంగా ఉన్నారు, అందులో ఇద్దరు మగపిల్లలు. ఆటో ఆయన కూతురు ఒక్క శనివారం కూడా మానలేదు. తార్నాక దాటితే ఐ.ఐ.సి.టి., హబ్సిగూడలో ఎన్.జి.ఆర్.ఐ., సి.సి.ఎం.బి., ఇంత పెద్ద సైన్సు సంస్థలు మాకు మెట్రోలో నాలుగు స్టేషన్ల లోపే ఉన్నా ఈ పిల్లల్లో ఎవరూ గేటు లోపల చూడలేదు. సెప్టెంబరు 26న వాళ్ళు పిల్లలకి తలుపులు తెరుస్తారు కదా, ఈసారి సైన్సు టీచరు తీసుకెళ్తానంది.

మొన్న శనివారం చింతగింజలు పట్టుకెళ్ళాను. బేసి సంఖ్యలు, చతురస్రాలు అయ్యాయి. నేను గింజలు సంచీలో వేసుకోబోతుంటే ఆటో ఆయన కూతురు చెయ్యి అడ్డం పెట్టింది. "ఆంటీ, సరి సంఖ్యలతో చేస్తే?" అంది. నాకు టీచరమ్మ ఇది చెప్పలేదు. నేల మీద కూర్చున్నాం. రెండు పెట్టింది. దాని చుట్టూ నాలుగు. దాని చుట్టూ ఆరు. తల పక్కకి వంచి చూసింది. "చతురస్రం రాట్లేదు. ప్రతిసారీ ఒక వరస ఎక్కువస్తుంది" అంది. మా అమ్మాయి లెక్కపెట్టింది, మూడు బై నాలుగు. పన్నెండు. ఎనిమిది కలపమన్నాను. నాలుగు బై అయిదు.

"ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగి, అటెండరు తాళాల గుత్తి చప్పుడు వినపడుతుంటే గింజలు అట్లాగే వదిలేసి లేచాం.